రాణుల సెట్ మీద జాకీ పడితే: పాట్-లిమిట్ ఒమాహాలో ఒక టర్న్ కాల్, పూర్తి లెక్కతో

పోకర్ టేబుల్ మీద పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెం డబ్బులో, 465 డాలర్లు ఉన్నాయి. టర్న్‌లో, అంటే బోర్డు (టేబుల్ మధ్య అందరికీ కలిపి పరిచే ముక్కలు) మీద నాలుగో ముక్కగా, జాకీ పడగానే ఎదురుగా ఉన్న పెద్దాయన తన దగ్గర మిగిలిన 380 డాలర్లూ ముందుకు నెట్టేశారు. నా దగ్గర రాణుల సెట్ (మూడు రాణులు) ఉంది, కానీ బోర్డు మీద రాణి, జాకీ, తొమ్మిది కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరి చేతిలోనైనా స్ట్రెయిట్ (వరుసగా అయిదు ముక్కలు) తయారై ఉండొచ్చు. ఇలాంటి చోట చాలామంది "ఆయనకు స్ట్రెయిట్ ఉంది" అని ఒక్క మాట అనుకుని పడేస్తారు, ఇంకొందరు "సెట్ పెట్టుకుని ఎలా వదిలేస్తాం" అని కాల్ చేస్తారు (ఆ పందేనికి సమానంగా డబ్బు పెడతారు), రెండు వైపులా లెక్క మాత్రం ఎవరూ చేయరు. ఈ చేతిని మొదటి నుంచి విప్పి రాయాలనిపించింది, ఎందుకంటే నేను గట్టిగా నమ్మే పద్ధతి ఇందులో బాగా కనిపిస్తుంది: ఎదుటివాళ్ళ రేంజ్ (వాళ్ళ దగ్గర ఉండగల చేతులన్నీ) ఇదీ అని ముందే ఊహించుకోవద్దు, ఆ రేంజ్ ఎంత చెడ్డగా ఉంటే నా కాల్ నష్టంలో పడుతుందో ముందు తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఆయన రేంజ్ అంత చెడ్డగా ఉండే అవకాశం ఉందా అని చూడాలి.

ఇది లాస్ వేగస్‌లో, లైసెన్స్ ఉన్న గదిలో, 5-5 డాలర్ల గేమ్‌లో జరిగింది. మనవైపు చదివేవాళ్ళకి ఒక మాట: డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం, 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో దేశమంతా అదే పరిస్థితి. కాబట్టి దీన్ని లెక్క కోసం చదవండి, ఆ లెక్క కాగితం మీద కూడా అంతే బాగుంటుంది.

ఒమాహా తెలియనివాళ్ళకి క్లుప్తంగా: చేతికి నాలుగు ముక్కలు వస్తాయి, అందులో కచ్చితంగా రెండు, బోర్డు మీదివి కచ్చితంగా మూడు కలిపి అయిదు ముక్కల చెయ్యి తయారు చేయాలి. హోల్డెమ్‌లో (చేతికి రెండు ముక్కలే వచ్చే పోకర్) మొదటి చేతులు 1,326 అయితే ఇక్కడ 2,70,725. అన్ని చేతుల్ని ఒక్కొక్కటిగా తలలో పెట్టుకోవడం ఎవరివల్లా కాదు, అందుకే ఒమాహాలో రేంజ్ అంటే చేతుల జాబితాగా కాకుండా రకాలుగా, వాటి వాటాలుగా ఆలోచించాలి. ఇక పాట్-లిమిట్ అంటే, ఎంత రైజ్ చేసినా, ముందు కాల్ చేయాల్సింది కలిపాక పాట్ ఎంతుందో అంతవరకే పెంచొచ్చు. ఈ నియమం లెక్కకి ఎంత ముఖ్యమో కింద వస్తుంది.

నేను బటన్ మీద, అంటే ఫ్లాప్ నుంచి చివరగా ఆడే సీట్లో, ఉన్నాను. డైమండ్ రాణి, కళావర్ రాణి, డైమండ్ పది, కళావర్ పది. కటాఫ్‌లో (నాకు ముందు సీటు) ఉన్న పెద్దాయన పాట్ కొట్టి 20కి రైజ్ చేశారు, నేను కాల్, బిగ్ బ్లైండ్ కూడా కాల్, చిన్న బ్లైండ్ పడేశాడు (బ్లైండ్లంటే ముక్కలు పంచకముందే చెరో 5 డాలర్లు కట్టే రెండు సీట్లు). పాట్ 65. ఆయన 600 డాలర్లతో మొదలయ్యారు, నా దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది. రేక్‌ని (గది తీసుకునే కమిషన్) ఈ లెక్కలన్నిటిలోంచీ పక్కన పెట్టాను.

ఫ్లాప్ (బోర్డు మీద మొదటి మూడు ముక్కలు): ఇస్పేటు రాణి, ఆటీన్ తొమ్మిది, ఇస్పేటు నాలుగు. బిగ్ బ్లైండ్ చెక్ (పందెం కట్టలేదు), పెద్దాయన 45 బెట్, నేను పాట్ మొత్తానికి, అంటే 200కి రైజ్ చేశాను. బిగ్ బ్లైండ్ వెళ్ళిపోయాడు, పెద్దాయన కాసేపు ఆలోచించి కాల్ చేశారు. పాట్ 465 అయింది, ఆయన దగ్గర 380 మిగిలాయి.

ఆ కాల్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఎదుటివాళ్ళు చేయగలిగీ చేయని పని చాలా సమాచారం ఇస్తుంది. ఆయన తలచుకుంటే ఫ్లాప్‌లోనే మిగిలినదంతా పెట్టి రీ-రైజ్ చేయొచ్చు, పాట్-లిమిట్ దానికి అడ్డు రాదు. తొమ్మిదుల సెట్ ఉన్న మనిషి రెండు ఇస్పేట్లు ఉన్న బోర్డు మీద, స్టాక్ (ముందున్న డబ్బు) ఇంత తక్కువగా ఉన్నప్పుడు, ఎక్కువసార్లు అదే చేస్తాడు. ఆయన ఊరికే కాల్ చేశారు. కాబట్టి సెట్ల వాటా తగ్గింది, డ్రాల, అంటే ఇంకో ముక్క పడితే స్ట్రెయిట్ గానీ ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు అయిదు) గానీ అయ్యే చేతుల, వాటా పెరిగింది. ఈ బోర్డు మీద పెద్ద డ్రాలన్నీ రాజు, జాకీ, పది, ఎనిమిది చుట్టూ తిరుగుతాయి, వాటికి ఇస్పేటు జత కూడా ఉంటే ఇంకా బలం. ఉదాహరణకి ఆయన దగ్గర ఇస్పేటు రాజు, ఆటీన్ జాకీ, ఆటీన్ పది, ఇస్పేటు ఎనిమిది ఉన్నాయనుకుందాం. టర్న్‌లో స్ట్రెయిట్ ఇచ్చే ముక్కలు 10, వాటితో కలవకుండా ఇస్పేటు ఫ్లష్ మాత్రమే ఇచ్చేవి (బోర్డుని జత చేసి నాకే పనికొచ్చే ఇస్పేటు తొమ్మిది పోగా) ఇంకో 6, మొత్తం 16. అందుకే హోల్డెమ్ నుంచి వచ్చినవాళ్ళు నమ్మలేరు గానీ, ఫ్లాప్‌లో టాప్ సెట్ పెట్టుకుని కూడా ఈ చేతి మీద నేను సగం కంటే కొంచెం పైన మాత్రమే ఉంటాను.

టర్న్: డైమండ్ జాకీ. ఆయన ఆగకుండా 380 పెట్టారు.

మొదటి పని ధర చూడటం. 380 పెడితే మొత్తం పాట్ 1,225 అవుతుంది, 380ని దానితో భాగిస్తే 31 శాతం. నా ఈక్విటీ (పాట్‌లో సగటున నాకు దక్కే వాటా) 31 దాటితే కాల్ లాభం.

రెండో పని, నాకు వీలైనంత చెడ్డ పరిస్థితి ఏమిటో చూడటం. ఈ బోర్డు మీద స్ట్రెయిట్ కావాలంటే చేతిలో రాజు-పది ఉండాలి, లేదా పది-ఎనిమిది ఉండాలి. ఎటు చూసినా పది లేకుండా స్ట్రెయిట్ లేదు, నాలుగు పదుల్లో రెండు నా చేతిలోనే ఉన్నాయి. ఆయన చేతిని నిర్దిష్టంగా ఊహించుకుంటే నాకూ ఆయనకూ కలిపి ఎనిమిది ముక్కలు, బోర్డు మీద నాలుగు పోగా రివర్‌కి (చివరి, అయిదో ముక్క) 40 మిగులుతాయి, వాటిని చేత్తోనే లెక్కపెట్టొచ్చు.

పైన చెప్పిన రాజు, జాకీ, పది, ఎనిమిది చేతినే తీసుకోండి. ఇప్పుడు ఆయనకి రాజు వరకు స్ట్రెయిట్, పైగా ఇస్పేటు ఫ్లష్ డ్రా. నాకు బోర్డు జత కావాలి (అప్పుడు స్ట్రెయిట్, ఫ్లష్ రెండిటినీ ఓడించే ఫుల్ హౌస్ గానీ నాలుగు రాణులు గానీ వస్తాయి): తొమ్మిదులు మూడు, నాలుగులు మూడు, జాకీలు రెండు (ఒకటి ఆయన చేతిలో ఉంది), చివరి రాణి ఒకటి. మొత్తం 9. ఇక్కడ చాలామంది వదిలేసేది ఒకటుంది. రివర్‌లో రాజు పడితే నా చేతిలోని రాణి, పది, బోర్డు మీది రాజు, జాకీ, తొమ్మిదితో కలిసి నాకూ రాజు వరకు స్ట్రెయిట్ వస్తుంది, పాట్ చెరిసగం. మిగిలిన రాజులు మూడు, ఒక్కటీ ఇస్పేటు కాదు. 9 గెలుపులు, 3 సగాలు, అంటే 40లో 10.5, సరిగ్గా 26.25 శాతం.

ఇప్పుడు ఆటీన్ జాకీ, ఆటీన్ పది, ఇస్పేటు ఎనిమిది, ఇస్పేటు ఏడు అనుకుందాం, కటాఫ్ నుంచి చాలామంది రైజ్ చేసే మంచి చెయ్యి. స్ట్రెయిట్ రాణి వరకే. గెలుపులు మళ్ళీ 9. ఇస్పేటు కాని రాజులు మూడు పడితే ఇద్దరికీ రాజు వరకు స్ట్రెయిట్, సగం. ఎనిమిదులు మూడు పడితే ఇద్దరికీ రాణి వరకు స్ట్రెయిట్, అదీ సగం. 9 మీద ఇంకో 3 కలిపితే 12, అంటే 30 శాతం. పోతే ఈ మూడిట్లో చెడ్డది ఇస్పేటు ఆసు, ఆటీన్ రాజు, ఆటీన్ జాకీ, ఇస్పేటు పది. రాజు పడితే ఆయనకి ఆసు వరకు వెళ్ళిపోతుంది, నా సగాలు పోతాయి, 9 మాత్రమే మిగులుతాయి, 22.5 శాతం.

అంటే ఇలాంటి స్ట్రెయిట్ చేతుల మీద నాది దాదాపు 22 నుంచి 30 మధ్యే. సగటు 26 అనుకుందాం.

మూడో పని, స్ట్రెయిట్ లేనప్పుడు ఎంత ఉంటుందో చూడటం. ఇస్పేటు ఆసు, ఆటీన్ ఆసు, ఇస్పేటు రాజు, ఆటీన్ అయిదు ఉంటే ఆయనకి పనికొచ్చే ఇస్పేట్లు 7 (జాకీ, తొమ్మిది ఇస్పేట్లు బోర్డుని జత చేస్తాయి కాబట్టి అవి నావే), వాటికి ఆటీన్ పది, మిగిలిన రెండు ఆసులు కలిపి 10. నాది 75 శాతం. తొమ్మిదుల సెట్‌కి ఇస్పేటు డ్రా కూడా తోడైతే, ఉదాహరణకి ఇస్పేటు తొమ్మిది, డైమండ్ తొమ్మిది, ఇస్పేటు ఏడు, డైమండ్ ఆరు ఉంటే, 8 ఇస్పేట్లు, ఒక తొమ్మిది, నాది 77.5. ఏ డ్రా లేని నాలుగుల సెట్ అయితే ఆయనకి ఒకే ఒక్క ముక్క మిగులుతుంది. మొత్తమ్మీద 80 అనుకుంటే నేను ఎక్కువ ఆశపడినట్టు కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. ఆయన రేంజ్‌లో స్ట్రెయిట్ల వాటా ఎంతుంటే నా ఈక్విటీ సరిగ్గా 31 అవుతుంది? నూరు శాతం స్ట్రెయిట్ అయితే 26, సున్నా అయితే 80, మధ్యలో 31 దొరికేది స్ట్రెయిట్ల వాటా దాదాపు 91 శాతం దగ్గర. డాలర్లలో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది: స్ట్రెయిట్ ఉన్న ప్రతిసారీ నా కాల్ సగటున 62 డాలర్ల దాకా పోగొడుతుంది, లేని ప్రతిసారీ 600 సంపాదిస్తుంది. ఒక్కసారి లేకపోతే దాదాపు పదిసార్లు ఉన్న నష్టం పూడిపోతుంది.

అందుకే నేను క్రమం తిరగేయమంటాను. "ఆయన రేంజ్ ఏంటి" అని మొదలుపెడితే టేబుల్ దగ్గర టెన్షన్‌లో మనకి భయం వేసే చెయ్యే కళ్ళముందుకొస్తుంది, దాని చుట్టూనే ఆలోచన ఆగిపోతుంది. "స్ట్రెయిట్ వాటా 91 దాటుతుందా" అని అడిగితే అది వేరే ప్రశ్న, చాలా తేలికైన ప్రశ్న. 60 శాతమా, 70 శాతమా, 80 శాతమా అని తేల్చాల్సిన పనే లేదు, అన్నిటికీ జవాబు ఒకటే.

ఇప్పుడు బ్లాకర్ల (నా చేతిలో ఉండి ఎదుటివాళ్ళకి దొరకకుండా చేసే ముక్కలు) విషయం కొంచెం వివరంగా రాస్తాను, ఈ చేతిలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. టర్న్‌లో నాకు కనిపించని ముక్కలు 44, వాటిలోంచి నాలుగు ముక్కల చేతులు 1,35,751. రెండు పదులు నా చేతిలో ఉన్నప్పుడు వీటిలో స్ట్రెయిట్ ఉన్నవి 11,292, అంటే 8.3 శాతం. నా రాణులతో పాటు పదులకి బదులు రెండు, మూడు లాంటి పనికిరాని ముక్కలుంటే అదే సంఖ్య 21,416కి, 15.8 శాతానికి వెళ్తుంది. ఒక్క పది ఉంటే మధ్యలో 16,496. టేబుల్ దగ్గర ఈ పెద్ద లెక్క ఎవరూ చేయలేరు, చేయక్కర్లేదు కూడా. మిగిలిన పదులు రెండు, వాటికి తోడయ్యే రాజులు, ఎనిమిదులు కలిపి ఎనిమిది, 2 × 8 = 16 జతలు. నా దగ్గర పదులు లేకపోతే 4 × 8 = 32. "సగానికి తగ్గాయి" అనుకుంటే చాలు, నిజానికి 53 శాతానికి తగ్గాయి, ఒకే చేతిలో రెండు జతలు పడే సందర్భాలవల్ల ఆ చిన్న తేడా. ఇవన్నీ అన్ని చేతులకీ వేసిన లెక్కలు, ఆయన రైజ్ చేసి ఇంతదాకా వచ్చే చేతులు వీటిలో కొన్నే, అయినా నిష్పత్తి పెద్దగా మారదు.

పైగా పదులు రెండు రకాలుగా పనిచేశాయి. ఆయన స్ట్రెయిట్లని తగ్గించాయి, నాకు రాజుల మీద, ఎనిమిదుల మీద సగాలు ఇచ్చాయి. అవి లేని రాణుల సెట్‌కి పైన చెప్పిన మూడు చేతుల మీదా 22.5 మాత్రమే ఉంటుంది, అప్పుడు కాల్ లాభం నుంచి నష్టంలోకి మారే గీత 91 నుంచి 85కి పడిపోతుంది.

ఇక మనిషి గురించి. ఆ గదిలో తరచూ ఆడే స్థానికుడు, వయసు డెబ్బై దాటి ఉంటుంది, ఓపికగా, నెమ్మదిగా ఆడతారు. వరుస ముక్కలంటే ఇష్టం. డ్రా పూర్తయినప్పుడు తానే ముందుగా బెట్ చేస్తారు, ఎదుటివాళ్ళు చెక్ చేసి పోతారేమోనన్న భయం ఆయనలో కనిపిస్తుంది. సెట్ ఉండి బోర్డు చెడితే చెక్-కాల్ చేస్తారు. అయితే అదే సాయంత్రం ఒకసారి ఆసుల జత, ఆసు ఫ్లష్ డ్రా పట్టుకుని, స్టాక్ పాట్ కంటే తక్కువ మిగిలిందని టర్న్‌లో మొత్తం పెట్టేయడం చూశాను. ఆసుల జత ఉన్న చేతులు మొత్తం చేతుల్లో 2.6 శాతమే, కానీ కటాఫ్ నుంచి పాతిక శాతం చేతులు రైజ్ చేసే మనిషి రేంజ్‌లో అవే పదో వంతు అవుతాయి, అది చిన్న వాటా కాదు. ఇవన్నీ కలిపి నేను స్ట్రెయిట్‌కి 75, ఆసులు లేదా పెద్ద ఫ్లష్ డ్రాలకి 15, సెట్, రెండు జతలకి 10 ఇచ్చాను. ఆయన ఆట చూసి కావాలనే స్ట్రెయిట్ వైపు బరువు ఎక్కువ పెట్టాను.

75 దగ్గర నా ఈక్విటీ 39.5. కాల్ విలువ సగటున 104 డాలర్లు లాభం.

అదే 75 వాటాని పదులు లేని చేతికి మార్చి చూడండి. స్ట్రెయిట్లు, మిగతావి మూడుకి ఒకటిగా ఉన్నవి, స్ట్రెయిట్లు దాదాపు రెట్టింపు కావడంతో 5.7కి ఒకటి అవుతాయి, అంటే 85 శాతం. అక్కడి గీత కూడా 85 అని పైనే చూశాం. అదే మనిషి, అదే బోర్డు, అదే బెట్, అదే రాణుల సెట్, అయినా కాల్‌కీ ఫోల్డ్‌కీ (పడేయడానికీ) తేడా లేని చోటికి వచ్చేశాం. ఒమాహాలో "సెట్ ఉంటే కాల్" లాంటి సూత్రాలు ఎందుకు నిలబడవో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

పాట్-లిమిట్ గురించి పైన దాటవేసిన మాట ఇక్కడ చెప్పాలి. ఆయన దగ్గర ఇంకొంచెం డబ్బుండి పూర్తి పాట్, అంటే 465 పెట్టి ఉంటే నాకు కావాల్సింది 33.3 శాతం, గీత 86కి దిగుతుంది. అంతకంటే చెడ్డ ధర ఈ ఆటలో ఎవరూ ఇవ్వలేరు. నో-లిమిట్‌లో అయితే పాట్‌కి రెట్టింపు పెట్టొచ్చు, అప్పుడు 40 శాతం కావాలి, గీత 74 దగ్గర ఆగుతుంది, నా 75 అంచనాతో అది ఫోల్డ్. అందుకే పాట్-లిమిట్‌లో ఓడిపోతున్న చేతికి ఎంత ఈక్విటీ మిగిలుందో తెలుసుకోవడం అంత విలువైనది. కనీసం రెండుకి ఒకటి ధర ఎప్పుడూ దొరుకుతుంది, మీ చెడ్డ పరిస్థితే 26 దగ్గర ఉంటే ఎదుటివాళ్ళు అరుదుగా తడబడినా చాలు. అయితే ఈ లెక్క ఆల్-ఇన్‌కే (మిగిలినదంతా పెట్టేసిన పందేనికే) వర్తిస్తుంది. వెనక ఇంకా డబ్బు మిగిలి ఉంటే రివర్‌లో ఇంకో బెట్ ఎదుర్కోవాలి, అప్పుడు 26 శాతాన్ని పూర్తిగా వసూలు చేసుకోలేం.

కాల్ చేశాను. ఆయన ఇస్పేటు రాజు, ఆటీన్ జాకీ, ఆటీన్ పది, ఇస్పేటు ఎనిమిది తిప్పారు. రివర్ రెండుసార్లు వేద్దామా అని అడిగాను, వద్దన్నారు. రెండుసార్లు వేసినా సగటు మారదు, ఊపు తగ్గుతుందంతే. కళావర్ రెండు పడింది. ఆయన పాట్ తీసుకున్నారు.

ఆ రాత్రి గదికి వెళ్ళాక ప్రోపోకర్‌టూల్స్‌లో (ఈక్విటీ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్) ఈ చేతుల్ని పెట్టి చూశాను. ఒక్కో చేతికి చేత్తో వేసిన లెక్కలు అలాగే వచ్చాయి, అది 40 ముక్కల లెక్కే కాబట్టి రావాలి కూడా. సాఫ్ట్‌వేర్ ఇవ్వలేనిది ఆ 75. అది మనిషిని చూసి వేసుకోవాల్సిందే, ఏ ఇంజిన్ అయినా మనం ఇచ్చిన వాటాలకే ఈక్విటీ లెక్కగడుతుంది.

పెద్దాయన గురించి నా నోట్స్‌లో మారింది ఒకటే. టర్న్‌లో స్ట్రెయిట్ పూర్తయ్యే ముక్క పడి, ఆయన ఆగకుండా మొత్తం పెడితే, స్ట్రెయిట్ వాటా 75 బదులు 80 అని రాసుకున్నాను, ఒక్క చెయ్యి చూసి అంతకంటే జరపడం సరికాదు. నా చేతిలో రెండు పదులుంటే 80 దగ్గర కూడా కాల్ చేస్తాను, గీత ఇంకా 91 దగ్గరే ఉంది. పదులు లేకపోతే అదే 80 వాటా 88కి పోతుంది, 85 దాటిపోతుంది, రాణుల సెట్‌ని అక్కడే పడేస్తాను.